బదనికయు పాదుకాపుష్పమును

నేడు మీతో ముచ్చటింపబోవునది ఒక పువ్వు చరిత్ర. ఇందు రాజులు లేరు, దండయాత్రలు లేవు. పువ్వుల సంగతి పిల్లలకు గాని పెద్దల కెందుకని మీరు తలపవచ్చును. అయినను పొలము గట్టున హద్దురాయి ఒక మూర ఇటుగా పాతినచో రెండిండ్లవారు మూడు తరములు కచేరీల చుట్టు తిరుగుట మీరు చూచియే యుందురు. పేరు కూడ ఒక హద్దురాయి వంటిదే. అది తప్పిన చోట ఒకరి నేరము మరియొకరి మెడకు చుట్టుకొనును. మన మామిడిచెట్ల మీద అట్టి అన్యాయ మొకటి తరతరములుగా జరుగుచున్నది. దానిని చేసినవారిలో నేనును ఒకడను. కావున ముందుగా నా తప్పు చెప్పుకొని పిమ్మట చరిత్రలోనికి పోవుదును.

మా తాతగారి మామిడితోట డిండి దరిదాపున నుండెను. తోటగట్టు మీద నిలిచి దక్షిణముగా చూచినచో అమ్రాబాదు గుట్టలు నీలిమేఘముల వలె కనబడెడివి. తాతగారు గతించిన యేడు తోట పెత్తనము నా చేతికి వచ్చెను. అప్పటికి చెట్లకు బదనిక మెండుగా పట్టియుండెను. కొమ్మలు కొనలనుండి ఎండుచుండెను, కాపు తగ్గెను. బదనిక చెట్టు రసమును పీల్చునని మన ఊళ్లలో ఎరుగనివారు లేరు. నేను నలుగురు కూలీలను పెట్టి, చెట్టు మీద చెట్టుగా కనబడినదానినెల్ల కొట్టివేయుడని చెప్పితిని. రెండు దినములలో పని ముగిసెను. గట్టు కింద పడిన కుప్పలో ఎక్కువ భాగము పచ్చని కొమ్మలు, సన్నని ఎర్రపువ్వులు. వాని నడుమ మరియొక తీరు మొక్కలు కూడ ఉండెను. పట్టీల వంటి దళసరి ఆకులు, తెల్లని లావు వేళ్లు, గోధుమవన్నె గళ్లు గల పువ్వులు, పువ్వు నడుమ ఊదారంగు నాలుక. వాని పరిమళము ఆ యెండలో గట్టు పొడుగునను వ్యాపించెను.

ఆ సాయంకాలము గుట్టలవైపు నుండి ఒక చెంచు పెద్ద తేనె అమ్మవచ్చెను. ఆయన తట్ట దించి, కుప్పలోనుండి ఆ గళ్లపువ్వుల మొక్కను చేతిలోనికి తీసికొని, “పటేలా, గిది చెట్టును తాగేది కాదు. చెట్టు మీద ఊకె కూసుండేది. దీన్నెందుకు కొట్టిపిచ్చినవ్?” అని అడిగెను. చెట్టు మీద నున్నది చెట్టును తినక గాలిని భోంచేయునా యని నేను నవ్వితిని. మరుసటి యేడు, కొట్టించిన బదనిక మొండి మొదళ్ల నుండి మరల చిగిర్చెను. గళ్లపువ్వు మాత్రము రాలేదు. నేటికిని ఆ తోటలో అది లేదు.

ఆయన చెప్పినది అక్షరాల నిజమని నాకు తెలియుటకు చాల యేండ్లు పట్టెను. నాకు తెలియకపోవుటకు కారణము నా అజ్ఞానము మాత్రమే కాదు, మన మాటయే. చెట్టును తినునదియు బదనికయే, చెట్టు మీద కూర్చుండునదియు బదనికయే. ఈ కలగాపులగము నిన్న మొన్నటిది కాదు. మీలో అమరము వల్లించినవారికి వనౌషధివర్గమున వందా, వృక్షాదని, వృక్షరుహ యను మాటలు ఒకే వరుసలో వచ్చుట జ్ఞాపకముండును. వృక్షాదని యనగా వృక్షమును తినునది. వృక్షరుహ యనగా వృక్షము మీద మొలచునది. తినుట వేరు, మొలచుట వేరు. అయినను అమరసింహుడు రెంటిని పర్యాయపదములుగా చెప్పెను, మనమును అట్లే వల్లించితిమి.

ఈ రెంటిని విడదీసిన చరిత్ర మన తెలుగునేల మీదనే మొదలిడినది. విలియం రాక్స్‌బరో యను స్కాట్లండు దేశపు వైద్యుడు 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసునకు వచ్చెను. 1781 నుండి ఆయన గోదావరి సీమయందలి సామర్లకోటలో నివసించి, మిరియము, చెరకు, నీలిమందు మొదలగు పైరులపై ప్రయోగములు చేసెను. ఆ కాలముననే చుట్టుపట్ల మొలచు మొక్కల నన్నింటిని తెప్పించి, దేశీయ చిత్రకారులచేత పటములు వ్రాయించి, వాని తెలుగు పేర్లను అడిగి తెలిసికొని వ్రాసికొనెను. 1793లో ఆయన కలకత్తా కంపెనీ తోటకు అధికారియై వెళ్లెను. ఆయన వ్రాయించిన పటములలో 300 ఏరి కోరమాండలు తీరపు మొక్కలను పేర మూడు సంపుటములుగా లండనులో ముద్రించిరి. 1795లో వెలువడిన మొదటి సంపుటములో మా తోట కుప్పలోని గళ్లపువ్వు కలదు. దానికి రాక్స్‌బరో పెట్టిన పేరు ఎపిడెండ్రమ్ టెస్సెల్లేటమ్. ఎపిడెండ్రమ్ అనగా చెట్టు మీద నుండునది. టెస్సెల్లేటమ్ అనగా గళ్లు గళ్లుగా పలకలు పరచినట్టిది.

ఇచ్చట రెండు మాటల పేరును గూర్చి కొంచెము చెప్పవలయును. స్వీడను దేశీయుడగు లిన్నేయసు 1753లో ప్రతి మొక్కకు రెండు మాటలతో పేరు పెట్టు పద్ధతిని స్థిరపరచెను. ఇది మనకు కొత్త కాదు. మనము ముందు ఇంటిపేరు, వెనుక పెట్టిన పేరు చెప్పుదుము గదా. మొక్కల పద్ధతియు అదియే. మొదటి మాట ఇంటిపేరు, రెండవది పెట్టిన పేరు. పిల్ల అత్తవారింటికి పోయినప్పుడు ఇంటిపేరు మారును గాని పెట్టిన పేరు మారదు. మొక్క చుట్టరికము వేరని తరువాతివారు కనిపెట్టినచో ఇంటిపేరు మారును. మొదట అచ్చయిన రెండవ మాట, సాధారణముగా చివరివరకు నిలుచును.

మన గళ్లపువ్వునకు అట్లే ఇల్లు మారినది. 1794లో కలకత్తాలో మరణించిన సర్ విలియం జోన్సు సంస్కృత పండితుడు. ఆయన తన వ్యాసమున ఇట్టి పువ్వును వర్ణించుచు వందా యను సంస్కృతపు మాటనే వాడెను. 1820లో రాబర్టు బ్రౌను ఆ మాటనే ఇంటిపేరుగా స్వీకరించి, రాక్స్‌బరో గౌరవార్థము మన మొక్కకు వాండా రాక్స్‌బర్గీ యని పేరిడెను. 1830లో రాక్స్‌బరో మొదట పెట్టిన మాటను గౌరవించి వాండా టెస్సెల్లేటా యనిరి. నేడును దాని శాస్త్రీయ నామ మదియే. లోకములో ఏ దేశమున వాండా పువ్వులు పూచినను, వానికన్నింటికి అమరములోని మాటయే ఇంటిపేరు.

ఇక చుట్టరిక మెట్లు తేలినదో చూడుడు. చెట్టును తిను బదనిక వేరు తొడుగు బెరడును చీల్చుకొని కొయ్యలోనికి దిగును. అది నాటుకొన్న చోట కొమ్మ కణుతి వలె ఉబ్బును, కణుతికి పైనున్న భాగము ఎండును. దాని బంక గింజను చిన్న పిట్టలు తిని మరియొక కొమ్మ మీద విడుచును. అట్లు అది తోటంతయు ప్రాకును. గళ్లపువ్వు వేరు బెరడు మీద ప్రాకునే గాని లోనికి దిగదు. ఆ తెల్లని వేరు మీద దూది వంటి పొర యున్నది. అది వాన చినుకును మంచును పీల్చును. ఆహారమును ఆకులు ఎండలో వండుకొనును. చెట్టు దానికి కూర్చుండు పీట మాత్రమే. నేను ఎగతాళిగా నన్న మాట నిజమైనది, పెద్దలారా. అది నిజముగానే గాలి, వాన తిని బ్రదుకును.

ఈ గళ్లపువ్వు చేరిన కుటుంబము ఆర్కిడ్ కుటుంబము. ఇందు 25,000కు మించిన జాతులు కలవు. వీనిలో పెక్కింటికి పుప్పొడినిచ్చు కేసర మొక్కటే. రెండు కేసరములు గల చిన్న శాఖ యొకటి చాల పూర్వకాలముననే వేరుపడినది. అందలి పువ్వుల నడిమి రేకు ముచ్చె వలె, సంచి వలె ఉండును. వీనినే పాదుకాపుష్పము లందుము. తుమ్మెద గాని ఈగ గాని ఆ సంచిలోనికి జారిపడినచో వచ్చిన దారిని పోజాలదు. వెనుకనున్న ఇరుకు సందునుండి ఎగబ్రాకవలయును. ఆ సందులోనే పుప్పొడి దాని వీపునకు అంటుకొనును. ఇట్టి పువ్వు మన గుట్టలలో లేదు. కాని దాని కథ మన బదనిక కథకు రెండవ సగము వంటిది. పేరు తప్పుట వలన కలిగిన చేటును మన తోటలో చూచితిమి. పేరు వచ్చుట వలన కలిగిన చేటును, మేలును ఈ పువ్వులో చూడగలము.

లిన్నేయసు తానెరిగిన పాదుకాపుష్పముల నన్నింటిని సిప్రిపీడియమ్ అను ఒకే ఇంట చేర్చెను. సైప్రసు ద్వీపమున పూజింపబడిన దేవత పాదుక యని దాని భావము. ఆయన చూచినవి చలిదేశపు మొక్కలు. 1820 ప్రాంతమున సిల్హెట్టు కొండలనుండి ఉష్ణదేశపు పాదుకాపుష్పములు బయటపడగా వానిని కూడ ఆ యింటనే చేర్చిరి. ఇవి చలికి ఎండి మరల మొలచునవి కావు. ఏడాది పొడుగునను పచ్చగా నుండు దళసరి ఆకులు గలవి. 1886లో ఫిట్జర్ అను జర్మను పండితుడు వీనికి వేరు కాపురము పెట్టి, పాఫియోపెడిలమ్ అని ఇంటిపేరిచ్చెను. సైప్రసులోని పాఫోసు పట్టణము అదే దేవత క్షేత్రము. ఇల్లు మారినను ఇలవేల్పు మారలేదు.

దక్షిణాపథమున ఈ యింటికి చెందినది ఒక్కటే. తిరువాన్కూరు సీమలోని అగస్త్యమల కొండలలో, సుమారు 1,500 మీటర్ల ఎత్తున, బోడిరాళ్ల నడుమ గడ్డిలో అది పూచును. పసుపురంగు పువ్వు, ప్రతి రేకు నడుమ నల్లని గోధుమవన్నె చార. 1865లో కర్నలు హీబర్ డ్రూరీ దానిని కనుగొనెను. అప్పుడు మద్రాసు రాజధాని అడవుల పెద్ద అధికారి రిచర్డు బెడ్డోము. ఆయన 1874లో దానిని వర్ణించి సిప్రిపీడియమ్ డ్రూరీ యనెను. 1892లో ఇంటిపేరు మారి పాఫియోపెడిలమ్ డ్రూరీ యైనది. డ్రూరీ యను మాట చెక్కుచెదరలేదు.

పేరు అచ్చయిన వెంటనే ఆ పువ్వు సీమదేశపు ధనవంతుల చెవిని పడెను. 1870 దశాబ్దము ముగియకమునుపే అది ఇంగ్లండు గాజుటిండ్లలో పూచెను. ఆ కాలమున ఆర్కిడ్లకై పిచ్చి పట్టినట్లు డబ్బు పోసెడివారు. తరువాత ఆ పువ్వు బహుకాలము ఎవరి కంటను పడలేదు. 1972లో మరల కనబడెను. కనబడగానే బేరగాండ్రు ఎగబడి మొక్కలను వేళ్లతో పెల్లగించుకొని పోయిరి. ఒక్క కొండవరుసలో మాత్రమే యున్న మొక్కకు ఇట్టి దోపిడి ఒక్కసారి చాలును. పైపెచ్చు వేసవిలో గడ్డికి అంటుకొను మంటలు దానికి నిత్యగండము. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమితివారి ఎర్రపట్టికలో అది తీవ్రాపాయము గల తరగతిలో చేర్చబడినది. ఆ పట్టికలో దాని తరువాతి మెట్టు అడవిలో లేనేలేదనుట. ఆపై మెట్టు లోకమున లేదనుట.

ఒక్కసారి పోయిన ఆర్కిడ్ మరల ఏల త్వరగా రాదని మీ రడుగవచ్చును. జొన్నగింజలో మొలకకు కావలసిన పిండి యున్నది. ఆర్కిడ్ గింజ ధూళికణము వంటిది, అందు పిండి లేదు. నేలలోనో బెరడు మీదనో ఉండు ఒక బూజు దానిలో చేరి తిండి పెట్టిననే అది మొలచును. ఈ రహస్యమును ఫ్రెంచి దేశీయుడగు నోయెల్ బెర్నారు 1899లో కనుగొనెను. 1922లో అమెరికాలో నడ్సన్ అను పండితుడు బూజు లేకుండనే చక్కెర కలిపిన పాకము మీద గింజలను మొలిపించెను. మొలిచిన పిమ్మటను పువ్వు పూయుటకు ఏండ్లు పట్టును. కాయలో లక్షల గింజలున్నను అడవిలో నిలుచునవి ఏ కొన్నియో. ఇది తిరువాన్కూరు పాదుకకును, మన గళ్ల బదనికకును సమానము.

పేరు వలన కలిగిన చేటు ఇది. ఇక మేలు వినుడు. చట్టము పేరు లేనిదానిని కాపాడలేదు. ఫిర్యాదు వ్రాయుటకైనను పేరు కావలయును గదా. అపాయములో నున్న ప్రాణుల వ్యాపారమును గూర్చి 1973లో వాషింగ్టనులో ఒక అంతర్జాతీయ ఒడంబడిక కుదిరెను. 1975లో అది అమలులోనికి వచ్చెను. 1976లో భారతదేశము అందు చేరెను. ఆర్కిడ్ కుటుంబమంతయు ఆ ఒడంబడికలోని పట్టికల కెక్కెను. అనుమతిపత్రము లేక వానిని దేశము దాటించరాదు. 1990 నుండి పాఫియోపెడిలమ్ ఇంటిపేరు గలవన్నియు మొదటి పట్టిక కెక్కినవి. అడవినుండి తీసిన వానిని దేశదేశముల నడుమ అమ్ముట నిషిద్ధమైనది. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1991లో సవరించి, తొలిసారిగా ఆరు పేర్లతో మొక్కల పట్టికను చేర్చిరి. అనుమతి లేక వానిని పెరుకుట, అమ్ముట నేరము. ఆ ఆరింటిలో పాదుకాపుష్పముల ఇంటిపేరు ఒకటి. మరియొకటి మన తెలుగునేల మొక్క. తిరుపతి కొండలలో ఈతచెట్టును పోలి పెరుగు ఆ మొక్క పేరు సైకస్ బెడ్డోమీ. అగస్త్యమల పువ్వునకు పేరు పెట్టిన ఆ బెడ్డోము పేరే దీనికి పెట్టిరి.

తిరువనంతపురము దగ్గర పాలోడులో 1979లో స్థాపింపబడిన ఉష్ణమండల వృక్షోద్యానమున శాస్త్రజ్ఞులు డ్రూరీ గింజలను సీసాలలో మొలిపించి, పెంచిన మొక్కలను అగస్త్యమల కొండలలో మరల నాటిరి. పేరు తెలిసినందువలననే ఏ మొక్క ఎచ్చట పోయినదో తెలిసెను, తెలిసినందువలననే తిరిగి నాటగలిగిరి.

మన గళ్ల బదనిక అంత అపాయములో లేదు. అది ఈ దేశమున పెక్కుచోట్ల పెరుగును. నల్లమల అడవిలో దానికి కొంత నీడయు దొరికినది. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలము అభయారణ్య మేర్పడెను. 1983లో అది పులుల సంరక్షణ పథకములో చేరెను. రాష్ట్ర విభజన తరువాత 2015లో కృష్ణకు ఉత్తరపు భాగము అమ్రాబాదు పేర వేరైనది. పులికొరకు కాచిన అడవిలో పులి యెరుగని మొక్కలు కూడ బ్రదుకును. కాని అడవి కావలివాడు మన తోటగట్టునకు రాడు. గట్టు మీది ముసలి మామిడి, ఇప్ప, చింతలే ఈ పువ్వునకు ఊళ్లలో మిగిలిన ఇండ్లు. చెట్టు కొట్టినచో అదియు పోవును. చెట్టు నిలిచినను బదనిక యను పేర దానిని కొట్టించుచున్నాము. దీనికి తోడు మందుల బేర మొకటి. వాతరోగములకు వాడు రాస్న యను ఓషధి ఏదియో వైద్యులలోనే ఏకాభిప్రాయము లేదు. దక్షిణమున దుంపరాష్ట్రకమును రాస్న యందురు. ఉత్తరాదిన వేరొక మొక్క. వంగదేశమున మన గళ్ల బదనిక వేరు. ఒక పేరునకు మూడు మొక్కలైనప్పుడు, మందు కుదరక రోగి చెడును, వేరు పోయి మొక్క చెడును.

కావున పెద్దలారా, నా మనవి చిన్నది. చెట్టును తిను బదనికను కొట్టింపవలసినదే. పైపైన కొట్టించినచో అది మరల చిగిర్చును గనుక కణుతితో కూడ కొమ్మను నరికింపవలయును. కాని కత్తి పెట్టకమునుపు వేరు చూడుడు. వేరు కొయ్యలోనికి దిగి కొమ్మ ఉబ్బినచో అది వృక్షాదని. తెల్లని వేళ్లు బెరడు మీద త్రాళ్లవలె ప్రాకి, కింద బెరడు చెక్కుచెదరక యున్నచో అది వృక్షరుహ. దానివలన కాపు తగ్గదు. కూలీలకు ఈ భేదము చెప్పువారు లేరు. బదనిక కొట్టించు దినమున పెద్దలలో ఒకరు చెట్టు కింద నిలిచిన చాలును. పొరపాటున గళ్లపువ్వు మొక్క రాలినను దిగులు పడనక్కరలేదు. దానిని కొబ్బరిపీచుతో నీడగల కొమ్మకు గట్టిగా కట్టించి, వానలు పడువరకు నీరు చల్లించినచో వేళ్లు మరల బెరడును పట్టుకొనును.

ఆ దినమున నాకు ఈ సంగతి తెలియదు. కుప్ప అంతయు మూడవనాడు ఎండిపోయెను, తగులబెట్టించితిని. ఒక్క మొక్క మాత్రము ఆ మంటలో పడలేదు. చెంచు పెద్ద తేనె అమ్ముకొని పోవునప్పుడు దానిని తడిగుడ్డలో చుట్టి, ఖాళీయైన తట్టలో పెట్టుకొని, గుట్టలవైపు నడచిపోయెను.